పాత చెప్పుల షాపులో గురువారాలు

జూన్ 3, సోమవారం

నేను సరుకులు సర్దే సూపర్‌మార్కెట్ మూతపడిన తరువాత ఈ డైరీ పుస్తకం తెరవడం ఇదే మొదటిసారి. ఈ రోజు దాని షట్టరుకు 'అద్దెకు ఇవ్వబడును' అన్న బోర్డు కట్టారు. బోర్డు ఒక పక్కకి వాలి ఉంది. సరిచేసి వచ్చాను.

ఇంటికి వచ్చాక వంటింటి అరలు చూశాను. అరలు చూడడం నా వృత్తి కనుక చూశాను, వేరే కారణం లేదు. బియ్యం డబ్బాలో గ్లాసు పెడితే అడుగు తగిలి చప్పుడైంది. పప్పు ఉంది. నూనె సీసాను మా ఆవిడ తలకిందులుగా గోడకు ఆనించి నిలబెట్టింది. ఉప్పు, ఆవాలు, మిరియాలు సమృద్ధిగా ఉన్నాయి. వాటితో ఎవరి కడుపూ నిండదు, అందుకే అవి ఎప్పుడూ మిగులుతాయి.

మెయిన్ రోడ్డు మీద, పాత చెప్పుల షాపులో సరుకుల గది అని ఒకటి నడుస్తోందనీ, గురువారాలు వంట సరుకులు ఊరికే ఇస్తారనీ మంగలి షాపులో విన్నాను. ధర చీటీ లేని అర ఎలా ఉంటుంది? ఊరికే ఇచ్చే చోట సరుకును ఏ వరుసలో పెడతారు? ఇవి తెలుసుకోదగ్గ విషయాలు. గురువారం వెళ్ళి చూసి వస్తాను. చూడడానికే.

సంచి ఒకటి తీసుకువెళ్తాను. సంచి చేతిలో ఉండడం మంచి అలవాటు.

జూన్ 6, గురువారం

వెళ్ళాను. చూసినది వరుసగా రాస్తాను.

ముందు వైపంతా గాజు. చెప్పులు ప్రదర్శనకు పెట్టిన చోట ఇప్పుడు బస్తాలు. గాజు తలుపు మీద చేత్తో రాసిన కాగితం: "సరుకుల గది. ఎవరైనా రావచ్చు." లోపల గోడల అడుగున, మోకాలి ఎత్తులో, చెప్పులు వేసుకుని చూసుకునే అద్దాలు అలాగే ఉన్నాయి. లైనులో నిలబడిన వాళ్ళందరూ తల దించుకుని ఉంటారు కనుక ఆ అద్దాల్లో ఎవరికి వారు తమ పాదాలనే చూసుకుంటున్నారు. నేను మాత్రం పక్కవాళ్ళవి చూశాను. పాలిష్ చేసిన బూట్లు, ఆసుపత్రి ఆయాలు వేసుకునే తెల్ల చెప్పులు, పిన్నీసుతో బిగించిన చెప్పు, కొత్త కాలేజీ బూట్లు. ఒకే రకం మనుషులు వస్తారనుకున్నాను. పొరపాటు.

నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్నుతో, మడిచిన సంచితో తలుపు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి ఒక పెద్దావిడ గబగబా వచ్చింది. ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి విరమించినావిడ. అందరూ నర్సమ్మగారంటారు, ఆ గది ఆవిడే నడుపుతోంది.

"వచ్చారా బాబూ! ఈ సరుకులు పంపే సంఘం వాళ్ళు స్టాకు తెలిసినాయన్ని పంపుతామన్నారు, పొద్దుట్నుంచీ ఎదురుచూస్తున్నాం. మీరేనా?"

నాకు స్టాకు తెలుసు. కనుక "అవునండీ" అన్నాను. ఇందులో అసత్యం ఏ మాటలో ఉందో ఇందాకటి నుంచీ వెతుకుతున్నాను, దొరకలేదు.

తరువాత చొక్కా చేతులు మడిచి బల్ల వెనక్కి వెళ్ళాను. ముందే కట్టి ఉంచిన నీలం సంచులు వచ్చినవారికి ఒక్కొక్కటి అందించడం పని. సంచి మీద పెద్ద అక్షరాలతో "సహాయం" అని అచ్చు వేసి ఉంది. అందరికీ ఒకే సంచి, అందులో ఒకే సరుకు. తీసుకున్న వాళ్ళలో చాలామంది తలుపు దాటక ముందే ఒక మూల ఆగి, సరుకులు ఒళ్ళో పెట్టుకుని, సంచిని లోపలి వైపు బయటికి తిప్పి, మళ్ళీ నింపుకుని వెళ్తున్నారు. ఎంత నైపుణ్యంతో తిప్పుతున్నారంటే, అది ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్న విద్యలా ఉంది.

మూసే వేళకు బయటి మెట్ల మీద పాలపొడి డబ్బా, చిక్కుడు గింజల డబ్బాలు, పిల్లలకు పెట్టే పిండి పొట్లం కనిపించాయి. ఎవరో పడేసుకున్నారనుకుని లోపలికి తెస్తే, వ్యాన్‌లో సరుకులు తెచ్చే డ్రైవర్ నవ్వాడు. ప్రతి వారం ఇంతేనట. వద్దని ఇక్కడ చెప్పలేరు, ఇంటికి మోసుకెళ్ళలేరు, మెట్ల మీద వదిలేస్తారట. "మెట్లకి ఆకలెక్కువ గురువుగారూ" అన్నాడు.

మా సంచి మడత విప్పకుండానే ఇంటికి తిరిగి వచ్చింది.

జూన్ 7, శుక్రవారం

పప్పు పలచబడింది. వేడికి అలా అవుతుందేమో.

జూన్ 10, సోమవారం

గురువారం ఎక్కడికి వెళ్ళారని మా ఆవిడ అడిగింది. ఒక చోట సరుకుల అమరిక చూస్తున్నానని చెప్పాను.

"అంటే పని దొరికినట్టేగా?"

"ఇంకా తేలలేదు."

"తేలకుండానే రోజంతా చేయించుకున్నారంటే తప్పకుండా పెట్టుకుంటారు" అంది. మధ్యాహ్నం వాళ్ళక్కకి ఫోన్ చేసి ఆయనకి మంచి చోట పని కుదిరింది అంటుంటే గోడ అవతల నుంచి విన్నాను. చాలా రోజుల తరువాత ఆ గొంతులో ఉత్సాహం. లేచి వెళ్ళి సరిదిద్దడం అప్పటికి భావ్యం అనిపించలేదు.

నేను అబద్ధం చెప్పలేదు. "ఇంకా తేలలేదు" అన్నాను. నిజంగానే ఇంకా తేలలేదు.

మా అమ్మాయి సాయంత్రం ఆకలి లేదంది. పదో తరగతి, చదువు ఒత్తిడి.

జూన్ 13, గురువారం

ఈ రోజు నర్సమ్మగారికి ఒక ప్రతిపాదన చేశాను. సంచులు కట్టడం మానేసి, సరుకులన్నీ ర్యాకుల్లో పెట్టి, వచ్చినవారి చేతికి బుట్ట ఇచ్చి, కావలసినది వాళ్ళనే తీసుకోనిస్తే మెట్ల మీద ఏమీ మిగలదని.

ఆవిడ నమ్మలేదు. "అంతా బయట పెడితే మొదట వచ్చినవాళ్ళే ఊడ్చేస్తారు బాబూ. వెనకొచ్చినవాళ్ళకి అద్దాలే మిగుల్తాయి."

బియ్యం, పప్పు, నూనె ఇంటికి ఇంత అని చీటీ అంటిద్దాం, మిగిలినవి వాళ్ళ ఇష్టం అన్నాను. డ్రైవర్ నా పక్షం వహించాడు. ప్రతి వారం మెట్లు తుడిచేది తనేనట. చివరికి ఆవిడ, సరే, ఈ ఒక్క వారం చూద్దాం అన్నారు.

ఏళ్ళ తరబడి చేసిన పనే అయినా ఈ రోజు చేతులకి కొత్తగా అనిపించింది. బియ్యం కింద, బరువు కనుక. పప్పులు నడుము ఎత్తులో. పిల్లల సరుకు కళ్ళ ఎత్తులో పెట్టబోయి ఆగాను. అక్కడ పెట్టేది పిల్లలు మారాం చేసి కొనిపిస్తారని, ఇక్కడ ఆ అవసరం లేదు. నాకు వచ్చిన విద్యలో సగం జనం చేత అక్కర్లేనివి కొనిపించే విద్యే అని మొదటిసారి తోచింది. ఆ సగం తీసేస్తే మిగిలేది ఏమిటి? అడిగినది అందేలా పెట్టడం. అంతే మిగిలింది. అది సరిపోయింది.

ఎవరూ ఊడ్చుకుపోలేదు. నర్సమ్మగారు ఊహించినదానికి సరిగ్గా వ్యతిరేకంగా, చేతికి అందినదాన్ని మళ్ళీ అరలో పెట్టేస్తున్నారు. "ఇది పోయిన వారంది ఇంకా ఉంది" అని ఒకాయన నూనె పెట్టేశాడు. మా వీధి చివర పాత బట్టలు, సంచులు కుట్టే పెద్దామె పాలపొడి డబ్బాను వేలితో పక్కకి జరిపి, నా వైపు చూసి, "ఇది నాకు పడదు నాయనా, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు" అంది. మెట్ల మీది డబ్బాలు ఎవరివో తెలిసింది.

ఇంకొక సంగతి.

గది నిండుగా ఉన్నప్పుడు గాజు తలుపు అవతల బిల్లింగ్ అమ్మాయి కనిపించింది. మా సూపర్‌మార్కెట్‌లో రెండో కౌంటర్ ఆమెదే. ఇద్దరు పిల్లల తల్లి, భర్త లేడు, అయినా మా అందరికీ బిల్లింగ్ అమ్మాయే. తలుపు మీద చెయ్యి వేసింది. లోపలికి చూసింది. ఆ చెయ్యి అలాగే పైకి వెళ్ళి జుట్టు సర్దుకుంది. తరువాత పక్కనున్న గడియారాల షాపులో ఏదో చూడడానికే వచ్చినట్టు అటు నడిచింది.

రోడ్డు మీది జనానికి కనిపిస్తానని భయపడింది. ఇది స్పష్టం. అంత పెద్ద గాజు వెనుక నిలబడడం ఎవరికైనా కష్టమే.

సంచి ఈ రోజు ఇంటి దగ్గరే పెట్టి వెళ్ళాను. సంఘం పంపిన మనిషి చేతిలో సంచి ఎందుకు?

జూన్ 14, శుక్రవారం

తెర. గాజుకు లోపలి వైపు, ఒక చివర నుంచి మరో చివరకు. ఇంత చిన్న విషయం ఎవరికీ తట్టలేదు.

జూన్ 17, సోమవారం

అమ్మాయి ఆకలి లేదంది. మా ఆవిడ కూడా మధ్యాహ్నమే ఎక్కువ తిన్నానంది. మధ్యాహ్నం నేను ఇంట్లోనే ఉన్నాను.

జూన్ 20, గురువారం

తెర కట్టాం. నర్సమ్మగారు తమ పాత ఆసుపత్రి నుంచి ఆకుపచ్చ గుడ్డ తెప్పించారు, వార్డులో మంచాల మధ్య కట్టేది. రింగులతో సహా వచ్చింది. నేను కొలత తీసుకుని, తీగ బిగించి, నేలకు రెండు వేళ్ళ ఎత్తులో ఆగేలా కట్టాను. బయటికి వెళ్ళి అన్ని వైపుల నుంచీ చూశాను. లోపలి మనిషి నీడ కూడా కనబడదు. ఇంత పకడ్బందీగా ఏదైనా చేసి చాలా రోజులైంది.

జనం తగ్గారు. పోయిన వారం వచ్చినవారిలో సగం మంది కూడా రాలేదు. బస్తాలు విప్పకుండానే మిగిలాయి. బిల్లింగ్ అమ్మాయి రాలేదు. పెద్దామె రాలేదు.

నర్సమ్మగారు బస్తాల మధ్య కూర్చుని, "మనం ఎవరినైనా ఏదైనా మాట అన్నామా?" అని అడిగారు. డ్రైవర్, "ఎవరికి బాబూ ఆపరేషను?" అని తెర తొలగించి లోపలికి తొంగి చూస్తూ వచ్చాడు. ఎవరూ నవ్వలేదు.

జూన్ 21, శుక్రవారం

కారణాలు ఊహిస్తున్నాను. వాన: పొద్దున కొద్దిగా పడింది, పదింటికే ఆగింది. వేరే ఎక్కడైనా పంచారేమో: విచారించాను, లేదు. సరుకు బాగా లేదా: పోయిన వారం కంటే బాగుంది. తెర వల్ల అనుకోవడానికి వీల్లేదు, తెర వాళ్ళ కోసమే.

అయినా చూడాలి. షాపులో ఒక అర ముందు జనం ఆగకపోతే, ఆ అరకు ఎదురుగా వెళ్ళి నిలబడి జనాన్ని చూడమని నాకు నేనే నేర్పుకున్నాను. మంగళవారం కూడా కాసేపు గది తెరుస్తారట, మిగిలినది ఇవ్వడానికి. రోడ్డు అవతల నిలబడి చూస్తాను.

జూన్ 25, మంగళవారం

గడియారాల షాపు ఎదురుగా నిలబడ్డాను. చూసినది ఇది.

కాలేజీ కుర్రాడు, కొత్త బూట్లు వేసుకునేవాడే, నడుచుకుంటూ వచ్చాడు. తెర దగ్గర ఆగాడు. కుడివైపు చూశాడు, ఎడమవైపు చూశాడు, వెళ్ళిపోయాడు. ఆసుపత్రి ఆయా వచ్చింది. ఆమె కూడా అటూ ఇటూ చూసి, కొంగు తల మీదికి లాక్కుని చటుక్కున లోపలికి దూరింది. ఇదివరకు ఆమె కొంగు కప్పుకునేది కాదు.

తెర లేనప్పుడు వాళ్ళు లోపలికి చూసి వచ్చేవారు. ఇప్పుడు రోడ్డును చూసి వస్తున్నారు.

అక్కడి నుంచి నేరుగా కుట్టుపని పెద్దామె దగ్గరికి వెళ్ళాను. మా అమ్మాయి పుస్తకాల సంచి పట్టీ తెగింది, కుట్టించాలి. అది నిజంగానే తెగింది. పోయిన వారం రాలేదేమని అడిగాను. సూదిలో దారం ఎక్కిస్తూ నా వైపు చూడకుండానే చెప్పింది.

"ఆ ఆకుపచ్చ గుడ్డ ఎక్కడ కడతారో నాకు తెలుసు నాయనా. మా ఆయన మంచం చుట్టూ కట్టారు. దాని వెనక నేనెప్పుడూ మంచి మాట వినలేదు."

"మీరు అందరికీ కనబడకుండా ఉండాలని కట్టామమ్మా."

"నేనేం దొంగతనానికి వస్తున్నానా? పప్పు కోసం వస్తున్నాను. మొన్నటిదాకా సరుకులకి వెళ్తున్నానని మా పక్కింటావిడకి చెప్పే వెళ్ళేదాన్ని. ఆవిడా రాబోయింది. ఇప్పుడు గుడ్డ కట్టేసరికి, ఏంటక్కా అక్కడ చాటుగా ఇస్తున్నారు అని అడిగింది. ఏం చెప్పను? ఏదో తప్పు పనికి వెళ్తున్నట్టు నాకే అనిపించింది."

దారం కొరికి, పట్టీ లాగి చూసి ఇచ్చింది. "ఎవరికి సిగ్గేసి కట్టారు దాన్ని?" అంది. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

వేరే ఒకామె కోసం అన్నాను.

జూన్ 26, బుధవారం

ఆ ఒకామెను కలిశాను. బిల్లింగ్ అమ్మాయి ఇప్పుడు కోర్టు రోడ్డులో జిరాక్స్ షాపులో సగం పూట పని చేస్తోంది. నా సర్టిఫికెట్లకు నకళ్ళు కావాలి, ఉద్యోగ దరఖాస్తుకు.

నన్ను చూడగానే నవ్వింది, కుశల ప్రశ్నలు వేసింది. మెషీన్ మూత ఎత్తి కాగితం సర్దుతోంది. గాజుకు తెర కట్టామని, ఇప్పుడు రోడ్డు మీద ఎవరికీ కనిపించదని, ధైర్యంగా రావచ్చని చెప్పాను. తీసేయాలనుకుంటున్న సంగతి చెప్పలేదు. ఆమె జవాబు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"రోడ్డు మీద వాళ్ళు చూస్తే నాకేంటి సార్? వాళ్ళెవరో, నేనెవరో."

"మరి ఆ రోజు తలుపు దాకా వచ్చి..."

"మీరున్నారుగా."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదనే అన్నాను.

"ఇన్నేళ్ళు పక్కపక్కన నిలబడి పని చేశాం. ఒకే రోజు ఇద్దరి ఉద్యోగాలూ పోయాయి. ఇప్పుడు మీరు బల్లకి అటువైపు, నేను ఇటువైపు. మీరు ఇస్తుంటే నేను చెయ్యి చాపాలా? వేరే ఎవరిచ్చినా తీసుకునేదాన్ని సార్. మిమ్మల్ని తప్పు పట్టట్లేదు. మీకు దేవుడు తక్కువ చెయ్యలేదు, నలుగురికీ పెడుతున్నారు. చూసి సంతోషించాను, నిజంగా."

"పిల్లలు?"

"ఉన్నారు. రాత్రిళ్ళు బిస్కెట్లు, టీ. చిన్నదానికి అదే పండగ, అన్నం కంటే బాగుందంటుంది." మెషీన్ మూత మూసింది. కింద నుంచి వెలుగు ఆమె చేతి మీదుగా పాకి వెళ్ళింది. "మీరు నా గురించి బాధపడి మానెయ్యకండి. వేరే చోటేదైనా ఉందేమో కనుక్కుంటాను."

"రేపు రండి" అన్నాను. "నేను అటువైపు ఉండను."

"అయ్యో, నా కోసం మీరు మానెయ్యడమేంటి?"

"మానను" అన్నాను. అంతకంటే చెప్పలేక వచ్చేశాను. నకళ్ళు అక్కడే మరిచిపోయాను.

పై పేజీలన్నీ మళ్ళీ చదివాను. వేడి, చదువు ఒత్తిడి, వాన. పరిశీలన కోసం వెళ్తున్నానని రాసుకున్నవాడు పరిశీలించినది ఏమిటి? ఒక ఇంట్లో పిల్లలు బిస్కెట్లు తిని పడుకుంటున్నారు, నేను ఇస్త్రీ చొక్కాతో బల్ల వెనుక నిలబడి ఉన్నాను కనుక. మరో ఇంట్లో తల్లీ కూతురూ వంతులవారీగా ఆకలి లేదంటున్నారు, అదీ అందుకే. ఎవరి సిగ్గుకు తెర కట్టానో పెద్దామె అడిగింది. అడిగినదానికి జవాబు ఇక్కడ రాస్తున్నాను: నాది.

ఈ పుస్తకంలో ఇంతవరకూ రాయని వాక్యం ఒకటుంది. మా ఇంట్లో తిండి చాలడం లేదు.

రాశాక చూస్తే చిన్న వాక్యమే.

జూన్ 27, గురువారం

పొద్దున్నే తెర విప్పాను. పెద్దామె మాటలు నర్సమ్మగారికి చెప్పాను. ఆవిడ గుడ్డను మడుస్తూ, "ముప్ఫై ఏళ్ళు దీన్ని లాగాను, వేశాను. అటువైపు ఎలా ఉంటుందో ఒక్కసారీ ఆలోచించలేదు" అన్నారు.

ర్యాకులు సర్దాను. తలుపు తెరిచే వేళకు, బల్ల వెనుక నుంచి బయటికి వచ్చి, లైను పొడుగునా నడిచి, రోడ్డు మీద చివర నిలబడ్డాను. చేతిలో సంచి. ఎండ మొహం మీద పడుతోంది, దారిన పోయేవాళ్ళు పోతూనే ఉన్నారు. ఆశ్చర్యమేమంటే, ఎవరూ ఆగి చూడలేదు. నేను నెలంతా భయపడినది వీళ్ళకేనా?

నర్సమ్మగారు వెతుక్కుంటూ బయటికి వచ్చారు. "బాబూ, ఏమైనా మర్చిపోయావా?"

"లేదండీ. సరుకుల కోసం వచ్చాను. మొదటి వారమూ అందుకే వచ్చాను."

ఆవిడ కాసేపు నన్ను చూశారు. జ్వరం చూసే చూపు అది. "ఆ సంఘం ఆయన రెండో వారమే ఫోన్ చేశాడు, రాలేకపోయానని. మరి నువ్వెవరో అడుగుదామనుకున్నాను. పని బాగా చేస్తున్నావు కదా, అడిగితే వెళ్ళిపోతావేమోనని ఊరుకున్నాను." వెనక్కి తిరిగి, మళ్ళీ ఆగారు. "అడగాల్సింది. ఎండలో ఎందుకు, ఆ నీడలోకి జరుగు" అని లోపలికి వెళ్ళారు.

ఇంకాసేపటికి డ్రైవర్ వ్యాన్ తాళాలు ఊపుకుంటూ వచ్చి నా వెనుక నిలబడ్డాడు. ఇక్కడేం పని అని అడిగాను.

"నేను మొదట్నుంచీ వ్యాన్‌లోనే నా వాటా తీసేసుకుంటున్నాను గురువుగారూ. ఇంత లైను ఎవరు నిలబడతారని." కొంచెం ఆగి, గొంతు తగ్గించి, "నర్సమ్మకి తెలుసు. తెలీనట్టుంటుంది" అన్నాడు.

బిల్లింగ్ అమ్మాయి రోడ్డు అవతల ఉంది. నన్ను చూసింది. నా చేతిలో సంచిని చూసింది. రెండు ఆటోలు పోయేదాకా ఆగి, రోడ్డు దాటి వచ్చి డ్రైవర్ వెనుక నిలబడింది. అతను పక్కకి తప్పుకుని ఆమెను ముందుకు జరగనిచ్చాడు.

"సార్, మీరు నిజంగానే..."

"నిజంగానే."

"ఎప్పట్నుంచి?"

"మొదటి వారం నుంచి."

"ఇన్ని వారాలు వచ్చి, సర్ది, ఉత్త చేతుల్తో ఇంటికెళ్ళారా?" అంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోందో, ఇంకేమైనానో తెలియలేదు. "ఏం మనిషండీ మీరు" అంది చివరికి. "మరి మీ ఇంట్లోవాళ్ళేం తింటున్నారు?"

చెప్పాను. ఆమె తల ఊపింది, ఆ మాట తనకు కొత్త కాదన్నట్టు. నకళ్ళు మర్చిపోయారని సంచిలోంచి తీసి ఇచ్చింది.

బుట్టతో ఆ అరల ముందు నడవడం వింతగా ఉంది. నేనే సర్దాను, అయినా ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు. పప్పుల అర నడుము ఎత్తు అనుకున్నాను, బుట్ట ఒక చేతిలో ఉంటే అది ఎత్తు కాదు, లోతు, వంగి తీసుకోవాలి. చీటీలు నిలబడి చదివేలా రాశాను, వంగినవాళ్ళకు కనబడవు. నూనె తలుపుకు దగ్గరగా పెట్టడం తప్పు, బరువైనది చివర తీసుకుంటే బుట్ట మోయడం తేలిక. ఇవన్నీ అటువైపు నుంచి ఒక్కటీ తెలియలేదు.

పెద్దామె పక్కింటావిడతో కలిసి వచ్చింది. బిల్లింగ్ అమ్మాయి బియ్యం, పప్పు తీసుకుని, బిస్కెట్ల అర దగ్గర ఆగి, వాటిని చూసి ముందుకు వెళ్ళిపోయింది.

ఇంటికి వచ్చి సరుకులు బల్ల మీద పెట్టాను. మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"జీతం బదులు ఇచ్చారా?"

"జీతం లేదు. ఉద్యోగమూ కాదు. అక్కడ ఎవరికైనా ఇస్తారు. లైనులో నిలబడి తెచ్చాను."

ఆమె బియ్యం దోసిట్లోకి తీసుకుని ఒక చేతి నుంచి మరో చేతికి పోసుకుంటూ నిలబడింది. ఇన్ని రోజులు ఏమీ చెప్పలేదేమని అడుగుతుందనుకున్నాను. అడగలేదు. పొయ్యి వెలిగించింది.

తిన్నాక గిన్నెలు కడుగుతూ, నా వైపు చూడకుండా, "అక్కకి నేనే చెప్తానులెండి" అంది. మరికాసేపటికి, "వచ్చే వారం నేనూ వస్తాను" అంది.

జూలై 1, సోమవారం

పప్పుల అర కొలతలు మార్చాను. వంగినవాళ్ళకూ కనబడేలా చీటీలు రాస్తున్నాను.

జూలై 4, గురువారం

మా ఆవిడ వచ్చింది. బయలుదేరే ముందు రెండు చీరలు తీసి, రెండూ లోపల పెట్టేసి, రోజూ కట్టుకునేదే కట్టుకుంది. లైనులో నా ముందు నిలబడి అద్దంలో తన పాదాలు చూసుకుంటుంటే, తీసుకురావడం తొందరపాటేమో అనిపించింది.

నర్సమ్మగారు బుట్ట ఇచ్చారు. ఆమె తల ఎత్తకుండా అందుకుంది. బియ్యం తీసుకుంది. చీటీ చదివి పప్పు తీసుకుంది. ఎవరో అదిలిస్తారన్నట్టు గబగబా, చేతికి ఏది తగిలితే అది తీసుకుంటోంది. బంగాళాదుంపల బుట్ట దగ్గర ఒకటి తీసి, రెండోది తీసి, ఆగింది. రెండోదాన్ని తిప్పి చూసింది. గోటితో గీకింది. వాసన చూసింది.

"ఇవి మొలకలొచ్చాయి" అంది. "వేరేవి లేవా?"

గొంతు తగ్గించి అనలేదు. కూరగాయల బండి దగ్గర ఎలా అంటుందో అలాగే అంది. గదిలో అందరూ ఇటు తిరిగారు. ఊరికే ఇచ్చినదానికి వంక పెడుతున్నావా అని ఆమె మోచేతిని తాకబోయాను.

తాకలేదు. ఎందుకంటే అప్పుడే ఒక విషయం తట్టింది. నేను వచ్చినప్పటి నుంచీ ఈ గదిలో సరుకుకు వంక పెట్టిన మనిషిని చూడలేదు. పెద్దామె కూడా తనకు పడదంది గాని, డబ్బా బాగా లేదనలేదు. సూపర్‌మార్కెట్‌లో పూటకొకరు వంక పెట్టేవారు, నేను విసుక్కునేవాడిని. వంక లేనిచోట ఏదో లోపం ఉందని అప్పుడు తెలియలేదు. అక్కర్లేనిది మెట్ల మీద వదిలి వెళ్ళినవాళ్ళు ఎవరి ముఖానా ఏమీ అనలేక వెళ్ళారు. మా ఆవిడ అంది.

నర్సమ్మగారు బల్ల అవతల నుంచి లేచి వచ్చి దుంప చేతిలోకి తీసుకుని చూశారు. "అవునమ్మా, మొలకలే. వెనక కొత్త బస్తా ఉంది. డ్రైవరూ, ఆ బస్తా ఇటు లాక్కురా" అన్నారు.

"ముందే అడగొచ్చుగా, వెనక్కి మోసేవాణ్ణి కాదు" అంటూ డ్రైవర్ బస్తా ఈడ్చుకొచ్చాడు.

బస్తా విప్పేదాకా లైను ఆగిపోయింది. ఎవరూ విసుక్కోలేదు. చూస్తే, మా వెనుక కాలేజీ కుర్రాడు తన బుట్టలోంచి ఒక దుంప తీసి వెలుతురుకు పట్టి చూస్తున్నాడు. అతని వెనుక బిల్లింగ్ అమ్మాయి ఉల్లిపాయల్ని ఒక్కొక్కటే నొక్కి, మెత్తగా ఉన్నదాన్ని పక్కన పెడుతోంది. పెద్దామె పప్పు పొట్లాన్ని చెవి దగ్గర ఊపి, "ఇందులో రాళ్ళున్నట్టున్నాయే" అంటోంది, పక్కింటావిడతో.